నీటికోడి కోరిన లోతు

అనగనగా ఒక ఏటి పక్కన, గట్టుకు ఇవతల, మోకాలి లోతు నీళ్లలో జమ్ముగడ్డి ఏపుగా పెరిగిన చిత్తడి ఒకటి ఉండేది. అందులో ఒక నీటికోడి కాపురముండేది. ముక్కు మీద ఎర్రగా మెరుస్తుందని దాన్ని అందరూ ముక్కెర అని పిలిచేవాళ్లు.

జమ్ము ఆకులు వంచి, అల్లి, ముక్కెర గూడు కట్టింది. ఐదు గుడ్లు పెట్టింది. ఇక దాని గొప్పలు అన్నీ ఇన్నీ కావు. దారిన పోయే వాళ్లందరినీ పిలిచి ఇల్లు చూపించేది.

మొదట కొంగ వచ్చింది. "ఒక్క చెట్టయినా లేదేమిటమ్మా? మా చిత్తడిలో నీళ్లలోనే పెద్ద పెద్ద చెట్లుంటాయి. కొమ్మ మీద కూర్చుంటే కాలు తడవదు" అని ఎగిరిపోయింది.

తర్వాత సముద్రం వైపు నుంచి పీత వచ్చింది. "చప్పటి నీళ్లు. మా మడ అడవికైతే సముద్రం రోజూ వచ్చి పలకరించి పోతుంది. అక్కడ చెట్లు ఉప్పు నీళ్లే తాగుతాయి, వేళ్లు పైకి పెట్టి గాలి పీలుస్తాయి" అని పక్కకు నడుచుకుంటూ పోయింది.

ఆ తర్వాత గూడబాతు సంచయ్య వచ్చాడు. "నడుద్దామంటే బురద, ఈదుదామంటే గడ్డి. మా సరస్సు నడిమధ్య గడ్డిపోచ కనిపించదు, కాలికి అడుగు అందదు. దీన్ని నీళ్లంటావా, నేలంటావా?" అన్నాడు.

ముక్కెర గుడ్ల మీద కూర్చుందన్న మాటే గానీ కుదురు లేదు. 'చెట్లు ఒక్కరోజులో మొలవవు. సముద్రం పిలిస్తే రాదు. లోతు మాత్రం తెచ్చుకోవచ్చు' అనుకుంది. గట్టు అవతల ఏరు నిండుగా పారుతోంది మరి.

గట్టులో కాపురమున్న పందికొక్కును పిలిచింది. "తవ్వయ్య మామా, గట్టుకు చిన్న కన్నం పెట్టవా?"

"పెట్టడం వచ్చు గానీ, చిన్నగా పెట్టడం రాదే కోడలా" అన్నాడు తవ్వయ్య.

తాబేలు అవ్వ తల బయటపెట్టింది. "వద్దే ముక్కెరా. ఇది సరస్సు కాదు. నీళ్లు తక్కువ కాబట్టే గడ్డి నిలబడింది. గడ్డి నిలబడింది కాబట్టే మనం బతుకుతున్నాం."

"నువ్వెప్పుడూ ఇంతే అవ్వా, కొత్తదేదీ నచ్చదు నీకు" అంది ముక్కెర.

తవ్వయ్య తవ్వాడు. పిడికెడు కన్నం గంటలో గుమ్మమంత అయింది. ఏరు లోపలికి దూకింది. జమ్ము తలదాకా మునిగిపోయింది. కప్పలు పెట్టిన గుడ్లు కొట్టుకుపోయాయి. ముక్కెర గూడు కుదుళ్ల నుంచి ఊడి, తెప్పలా తేలుతూ బయటపడింది. దాన్ని దాచడానికి పైన ఆకు లేదు, పక్కన పోచ లేదు. ఆకాశంలో గద్ద ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

ముక్కెర రెక్కలు విప్పి గుడ్ల మీద బోర్లా పడుకుంది. "మామా, ఆపు మామా" అని అరిచింది.

"తవ్వింది నేనే గానీ, ఆపడం నా వల్ల కాదే" అన్నాడు తవ్వయ్య.

అప్పుడే బురదలో పొర్లడానికి గేదె కాటుకమ్మ వచ్చింది. తాబేలు అవ్వ సంగతంతా చెప్పింది. కాటుకమ్మ నెమరు ఆపలేదు. "నాకు బాగా వచ్చిన పని కూర్చోవడమొక్కటే" అంటూ వెళ్లి గండికి అడ్డంగా కూర్చుంది. నీళ్లు ఆగాయి. తవ్వయ్య ఆమె వెనక మట్టి పోశాడు. కప్పలు, ఎండ్రకాయలు ఊడిన జమ్ము దుబ్బులు ఈడ్చుకొచ్చి తొక్కాయి.

గద్ద దిగింది. సరిగ్గా అప్పుడే గూడు కొట్టుకొచ్చి, మెరక మీద మునగకుండా మిగిలిన జమ్ము గుబురులోకి దూరింది. గద్ద గోళ్లకు రెండు ఆకులు దక్కాయి.

పది రోజులకు నీళ్లు మళ్లీ మోకాలి లోతుకు తగ్గాయి. జమ్ము బురద దులుపుకుని కొత్త ఆకు వేసింది. కప్పల గుడ్లు మాత్రం తిరిగి రాలేదు. ముక్కెర తనే కప్పమ్మ దగ్గరికి వెళ్లింది. "తప్పు నాదే అక్కా" అని తల వంచుకుంది. కప్పమ్మ తన గుడ్లు ఉండిన చోటు వైపు చూసింది. తర్వాత, "గుడ్లు చల్లారిపోతాయి, ముందు ఇంటికి పో" అంది.

మరో వారానికి ఐదు గుడ్లూ పిల్లలయ్యాయి. అన్నిటికన్నా దుడుకు పిల్ల గూడు అంచు నుంచి జారింది. ముక్కెర రెక్కలు విప్పి ముందుకు దూకబోయింది. కిందున్న జమ్ము ఆకు వంగింది గానీ తెగలేదు. పిల్ల దాని మీద నిలబడి, ఒళ్లు విదుల్చుకుని, నడక మొదలుపెట్టింది.

నీతి: ఎదుటివాళ్ల ఇంటిలా లేదని మన ఇంటిని మార్చే ముందు, మన ఇల్లు దేని వల్ల నిలబడిందో తెలుసుకోవాలి.