తినడానికి వచ్చిన రాహేలమ్మ

అనగా అనగా, మన తాతల తాతలకు పాలపళ్ళయినా రాని కాలంలో, ఉప్పుగాలి కొట్టే పల్లె ఒకటుండేది. దాని పేరు తాళ్ళపర్ర. ఎటు చూసినా తాటిచెట్లే. ఆ పల్లెలో రాహేలమ్మ అని ఒకావిడ తాటాకు చాపలు అల్లుకుని బతికేది. పొద్దున అల్లేది, మధ్యాహ్నం అల్లేది, దీపాలు పెట్టేదాకా అల్లేది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. పొట్టిగా, నల్లగా, నిమ్మళంగా మాట్లాడే మనిషి. ఆవిడ గురించి ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకున్నది లేదు, అప్పటిదాకా.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు, గిద్యోను. ఆకు కొట్టేది అతను, చాప అల్లేది ఈవిడ. ప్రతి ఏడూ క్రిస్మస్‌కి తమ్ముడు, మరదలు సుగుణమ్మ, ఇద్దరు ఆడపిల్లలు అక్క ఇంటికొచ్చి కడుపునిండా తిని, సాయంత్రందాకా నవ్వుకుని వెళ్ళేవారు.

అలాంటిది, ఒక ఏడు పండగ వెళ్ళిన నెలకే గిద్యోను తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుం విరిగింది. మంచానికి అతుక్కుపోయాడు. సుగుణమ్మ కూలికి పోదామంటే ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కూలి లేదు, గింజ లేదు.

అప్పట్లో అలాంటివాళ్ళ కోసం సర్కారువారు ధర్మపు కొట్టు ఒకటి తెరిచారు. సంపాదించే దిక్కులేని ఇంటికి రేకుబిళ్ళ ఒకటి ఇచ్చేవారు. వారానికోసారి ఆ బిళ్ళ చూపిస్తే నూకలు పోసేవారు. గిద్యోను ఇంటికీ బిళ్ళ వచ్చింది. ఆ నూకలు జావ కాచుకుని నలుగురూ ప్రాణాలు నిలబెట్టుకున్నారు. అయితే దానికో షరతు. ఆ ఇంటిని ఇంకెవరైనా పోషిస్తున్నారని తెలిసిందా, బిళ్ళ లాగేసుకుంటారు. అది చూడ్డానికని ఒక గుమాస్తా, చంకలో కాయితాల కట్టతో, పల్లె పల్లె తిరిగేవాడు.

ఇంతలో క్రిస్మస్ దగ్గరికొచ్చింది. రాహేలమ్మ దగ్గర ఆ ఏడు ఉన్నవి మూడే. తను పెంచిన కోడిపుంజు ఒకటి, దాచుకున్న బియ్యం కాసిని, బెల్లం ముద్ద ఒకటి. అవి ఖర్చయితే మళ్ళీ చాపలు అమ్ముడయ్యేదాకా తనకూ జావే.

'తమ్ముడికి పట్టుకెళ్ళనా, వద్దా?' అనుకుంది. తేల్చుకోలేక సంఘపెద్ద ఆశీర్వాదం దగ్గరికి వెళ్ళి అడిగింది.

"వాళ్ళకి బిళ్ళ ఉంది కదమ్మా," అన్నాడు ఆశీర్వాదం. "సర్కారు కూర్చోబెట్టి పోస్తోంది. నీకెవరు పోస్తున్నారు? నీ వేళ్ళు కోసుకుపోతేగానీ నీ పొయ్యి వెలగదు. ఉన్నది నువ్వు తిను."

'అదీ నిజమే,' అనుకుంది రాహేలమ్మ. ఇంటికొచ్చి చాప ముందు కూచుంది. అల్లిక సాగలేదు.

మర్నాడు పక్కింటి కరుణమ్మని అడిగింది.

"ఈ ఏడు పెడితే వచ్చే ఏడు నీ గుమ్మంకేసి చూస్తారక్కా," అంది కరుణమ్మ. "ఆ పై ఏడు ఎందుకు తేలేదని అడుగుతారు. అలవాటు చెయ్యకు."

'అదీ నిజమేనేమో,' అనుకుంది రాహేలమ్మ. ఇంటికొచ్చి చాప ముందు కూచుంది. ఆ రోజూ అల్లిక సాగలేదు.

మూడో రోజు తమ్ముడినే అడుగుదామని వెళ్ళింది. ఆవిణ్ణి చూడగానే చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, మన కోడిపుంజు ఎంత పెద్దదయిందీ?"

సుగుణమ్మ పిల్లని చటుక్కున లోపలికి లాగేసింది. గిద్యోను మంచం మీంచే తల తిప్పాడు.

"అక్కా, పండక్కి నువ్వేం తేవద్దు."

"ఏంరా అలా అంటావు?"

"ఒక్కపూట కూర తిని, ఏడాది నూకలు పోగొట్టుకోమంటావా?" అన్నాడు. మళ్ళీ తనే, గొంతు తగ్గించి, "అదొక్కటే కాదక్కా. ఏడాదిగా నా ఇంటికి ఎవరొచ్చినా ఏదో ఇచ్చిపోదామనో, లేకపోతే పొయ్యి చూసిపోదామనో వస్తున్నారు. చుట్టంగా వచ్చినవాళ్ళు ఒక్కరు లేరు. నువ్వు కూడా అలా రాకు," అన్నాడు.

రాహేలమ్మ తమ్ముడి కాలిమీద చెయ్యి వేసి, కాసేపలా కూచుని, లేచి వచ్చేసింది. ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ముగ్గురూ వద్దనే అన్నారు. కానీ గిద్యోను మాట ఒక్కటే ఆవిడ చెవిలో ఉండిపోయింది.

పండగ రానే వచ్చింది. ఆరాధన అయింది. అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు మళ్ళారు. రాహేలమ్మ ఉతికిన చీర కట్టుకుంది. పుంజుని, బియ్యాన్ని, బెల్లాన్ని బుట్టలో పెట్టింది. బుట్ట నెత్తిన పెట్టుకుని పట్టపగలు, అందరూ చూస్తుండగా, తమ్ముడి ఇంటికి నడిచింది. గుమ్మం బయటే ఆగి గట్టిగా పిలిచింది.

"ఇంట్లో ఎవరమ్మా? చుట్టం వచ్చింది!"

సుగుణమ్మ కంగారుగా బయటికొచ్చింది. "వదినా, ఏంటిది? ఆ గుమాస్తా ఇవాళే ఊళ్ళో తిరుగుతున్నాడంట. పండగపూట పొయ్యి చూస్తే నిజం బయటపడుతుందని."

"తిరగనీ. నేను పెట్టడానికి రాలేదమ్మా, తినడానికొచ్చాను," అంది రాహేలమ్మ. "ఒక్కదాన్నీ వండుకుని తినబుద్ధి కాలేదు. కాళ్ళకు నీళ్ళియ్యవూ?"

సుగుణమ్మ ఆవిడ మొహంకేసి చూసింది. ఏమనుకుందో, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎన్నాళ్ళకో ఆ గుమ్మం ముందు ఒక చుట్టం కాళ్ళు కడుక్కుంది.

ఇక రాహేలమ్మ పని ముట్టుకుంటే ఒట్టు. చాప మీద కూచుని కబుర్లు మొదలెట్టింది. పుంజుని కోసింది సుగుణమ్మ. పొయ్యి ఊదింది పెద్దపిల్ల. బెల్లం చిదిపింది చిన్నపిల్ల, చిదిపినంత నోట్లోనూ వేసుకుంది. కూర ఉడుకుతుంటే గిద్యోను, "నన్ను లేపి గుంజకి ఆనించండి," అన్నాడు. "ఇంటికి చుట్టం వస్తే పడుకుని ఉంటానా?"

లేపి ఆనించారు. నొప్పికి పెదవి కొరుక్కున్నాడు గానీ కూచున్నాడు. ఇంటి యజమానిలా ప్రార్థన చేశాడు. చేసి, "అక్కకి పెట్టు, సుగుణా. ముందు అక్కకి పెట్టు," అన్నాడు.

రాహేలమ్మ మొదటి ముద్ద కలుపుకుంటుండగా గుమ్మంలో నీడ పడింది. గుమాస్తా!

"కోడికూర వాసన వీధి చివరిదాకా వస్తోంది. ఎవరిదీ కోడి?" అన్నాడు.

పిల్లలు తల్లి వెనక్కి నక్కారు. రాహేలమ్మ అబద్ధమాడలేదు.

"నాదేనయ్యా. నేనే పెంచాను."

"అయితే పోషించేవాళ్ళు ఉన్నట్టే కదా. తియ్యి ఆ బిళ్ళ."

అప్పుడు గిద్యోను నోరు విప్పాడు. పడ్డనాటి నుంచీ అతని గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"అయ్యా, విస్తరి ముందు ఎవరు కూచున్నారో చూడండి. వండింది నా భార్య. వడ్డిస్తోందీ నా భార్యే. తింటోంది మా అక్క. చుట్టం వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ రాదు కదయ్యా, ఏదో తెచ్చుకుంది. ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టుకోకూడదని మీ కాయితాల్లో రాసుందా?"

గుమాస్తా చంకలో కట్ట విప్పాడు. మొదటి కాయితం చూశాడు. రెండోది చూశాడు. మూడోది తిరగేసి మరీ చూశాడు. చుట్టానికి అన్నం పెట్టడం గురించి ఎక్కడా లేదు. చాప మీద కూచున్న రాహేలమ్మకేసి చూశాడు, గరిటె పట్టుకున్న సుగుణమ్మకేసి చూశాడు, గుంజకి ఆనుకుని చెమటలు కక్కుతున్న గిద్యోనుకేసి చూశాడు. చెడ్డవాడేం కాదు, అతని ఉద్యోగం అలాంటిది. కలం తీసి, 'ఇంటికి చుట్టం వచ్చినది. తినుచుండగా చూడడమైనది' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

బిళ్ళ నిలిచింది. పై వారం నూకలూ వచ్చాయి. ఆ రోజు మాత్రం అయిదుగురూ కడుపునిండా తిన్నారు. వెళ్ళబోయే ముందు రాహేలమ్మకి ఒక చిన్న గిన్నెలో కూర మూతపెట్టి ఇచ్చింది సుగుణమ్మ. చుట్టాన్ని వట్టి చేతులతో పంపకూడదని. రాహేలమ్మ కాదనలేదు. పుచ్చుకుంది. దారిపొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది. ఆ తర్వాత నెలన్నర ఆవిడ జావే తాగింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

మరుసటి క్రిస్మస్‌కి కరుణమ్మ, అన్నాళ్ళూ మాటల్లేని తన చెల్లెలి గుమ్మం ముందు బుట్టతో నిలబడి, "తినడానికొచ్చానే," అంది. ఆ పై ఏడు సంఘపెద్ద ఆశీర్వాదమే వెళ్ళాడు, చితికిపోయిన పినతండ్రి కొడుకు ఇంటికి. తర్వాత వెళ్ళినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు.

రాహేలమ్మ ముసలిదై, తను అల్లిన చాప మీదే కన్నుమూసింది. ఆవిడకి రాతి సమాధి లేదు. కానీ తాళ్ళపర్రలో ఇప్పటికీ క్రిస్మస్ నాడు ఉన్నవాళ్ళు లేనివాళ్ళని తమ ఇంటికి పిలవరు, బుట్ట ఎత్తుకుని తామే వెళతారు. గుమ్మం బయటే ఆగి, "తినడానికొచ్చాం" అంటారు. లోపలివాళ్ళు కాళ్ళకు నీళ్ళిస్తారు. ఆ పూట వడ్డించేది లేనివాళ్ళే. ఉన్నవాళ్ళు చాప మీద కూచుని, పెట్టింది తిని, ఇచ్చింది పుచ్చుకుని వస్తారు. కొత్తకోడళ్ళు ఇదేం పద్ధతని అడిగితే అత్తగార్లు ఇంత పెద్ద కథ చెప్పరు. "రాహేలమ్మలా వెళ్ళి రా," అని బుట్ట చేతికిస్తారు, అంతే.