ఎర్ర రిబ్బను, ఎడమ కన్ను

మార్చి పదకొండు, సోమవారం పొద్దున, కెప్టెన్ ఇంద్రాణికి అన్యాయం జరిగింది. అలాగని ఆవిడే చెప్పింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

పైలట్లకు తప్పనిసరిగా చేసే వైద్య పరీక్షలో ఆవిడ అక్షరాల చార్టు ఆఖరి వరసదాకా గడగడా చదివేసింది. అయినా సరే, కంటి డాక్టరమ్మ ఎడమ కంట్లో ఒత్తిడి ఎక్కువుందంది, నరం దెబ్బతింటోందంది, దాని పేరు గ్లకోమా అంది. తాత్కాలికంగా అనర్హురాలని రాసి ఇంటికి పంపించేశారు. వందలమందిని వెనక కూర్చోబెట్టుకుని వానలో, పొగమంచులో భద్రంగా దింపిన మనిషిని పట్టుకుని, ఇక నువ్వు బస్సెక్కి పొమ్మన్నట్టు.

ఇంద్రాణి ఏడ్చే రకం కాదు. ఏడిపించే రకం. మర్నాడే కారు తీసుకుని హైదరాబాదు శివార్లలో ఉన్న పాత ఫ్లయింగ్ స్కూలుకి వెళ్ళింది. ఆవిడకి విమానం నేర్పిన గురువు మస్తాన్‌వలి సారు అక్కడే ఉంటాడు. ఇప్పుడాయన ఎగరడం లేదు. డెబ్బై దాటినా రోజూ వచ్చి, విమానాలుంచే హ్యాంగర్లో కుర్చీ వేసుకుని, పిల్లలు విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేస్తుంటే చూస్తూ కూర్చుంటాడు. ఏమీ అనడు. ఆయన ఏమీ అనకపోతే పిల్లలు భయపడి మళ్ళీ మొదట్నించీ చేస్తారు.

"ఏవమ్మా, యూనిఫాం లేకుండా వచ్చావు?" అన్నాడు.

"పీకేశారు సార్."

"ఎవరు?"

"ఒక మిషను."

కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. చూపు చుట్టుపక్కల ఎంతమేర ఉందో కొలిచే పరీక్ష అది. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టి, నడిమధ్య పసుప్పచ్చ చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడెక్కడో మిణుగురుల్లా వెలుగులొస్తాయి. కనబడ్డప్పుడల్లా బొత్తాం నొక్కాలి.

"చుక్కని చూడండి మేడం, చుక్కని చూడండి మేడం అని ఆ టెక్నీషియను నా ప్రాణం తోడేశాడు సార్. ఎట్లా చూస్తాను? ఒక్కచోట కాస్త ఎక్కువసేపు కన్ను ఆపితే మీరు మ్యాపు చుట్టి నెత్తిన కొట్టేవారు. ఎత్తు చూడు, వేగం చూడు, బయట చూడు, మళ్ళీ ఎత్తు చూడు! అప్పట్నించీ నా కళ్ళు ఆగిందే లేదు. ఇప్పుడా మిషను, ఈవిడ చూపు నిలవడం లేదు, ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు అని రాసిపడేసింది. మీరు నేర్పిన విద్యకే నన్ను తప్పించారు సార్!"

సారు నవ్వలేదు. "డాక్టరమ్మ ఏం చేద్దామంది?"

"రెండు దార్లున్నాయంది. ఒకటి చుక్కల మందు, రోజూ వేసుకోవాలి. వాటిలో కొన్ని మత్తు తెస్తాయట, కొన్ని చూపు మసకేస్తాయట. మన పనికి పడేవేవో ఏరి ఇవ్వాలట. రెండోది లేజరు. కొయ్యడం లేదు, కుట్టడం లేదు. కాసేపు కుర్చీలో కూర్చుంటే కంట్లో నీరు బయటికిపోయే దారి తేటపడుతుందట. మీ ఉద్యోగానికి ముందు అదే చూద్దాం అంది."

"మరి?"

"మరేంటి సార్! ఒకసారి ఫైల్లో లేజరని పడితే ఇక నేను పైలట్ని కాను, పేషెంటుని. మా క్రూ రూములో నోళ్ళు మీకు తెలీదు. ఆడదాని చేతికి విమానమా అని ఒకప్పుడు గొణిగినవాళ్ళే, ఇప్పుడు కళ్ళు కాల్పించుకున్నదాని చేతికా అంటారు. నాకే లోటూ లేదు. ఉంటే నాకు తెలీదా? నా కళ్ళు నావి."

అప్పుడు బయటపెట్టింది తను వచ్చిన పని. మెడికల్ బోర్డులో ఇప్పుడున్న పెద్ద డాక్టరు ఒకప్పుడు సరదాకొద్దీ ఈ సారు దగ్గరే విమానం నేర్చుకున్నాడు.

"మీరు ఒక్క మాట చెప్పండి సార్. ఈ అమ్మాయి చూపు సంగతి నాకు తెలుసు అనండి, చాలు. మీ మాట ఆయన తీసెయ్యడు."

సారు తలెత్తి, రేకుల కింద కూర్చున్న పావురాలకేసి చూశాడు. ఆయన ఊ అంటే ఇంద్రాణి మళ్ళీ గాల్లో ఉంటుంది.

"సరే," అన్నాడు. "తెలుసు అని చెప్పాలంటే తెలిసుండాలి కదా. కుర్చీ ఎదురుగా జరుపు."

మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"కుడి కన్ను మూసుకో, చేత్తో. నా ముక్కు చూడు. ముక్కు తప్ప ఇంకేమీ చూడకు."

"అంత చూడముచ్చటైన ముక్కేం కాదు సార్."

"మా ఆవిడా అదే అంటుంది. చూడు. చూస్తూ, దిగేముందు చెయ్యాల్సినవి వరసగా చెప్పు. కన్ను కదిలిందా, మ్యాపు ఇంకా నా దగ్గరే ఉంది."

ఇంద్రాణి మొదలుపెట్టింది. ఇంధనం, బ్రేకులు, చక్రాలు, ఫ్లాపులు, లైట్లు. మాటలు మంత్రంలా వాటంతటవే వస్తున్నాయి. కన్ను నిలపడమే కష్టంగా ఉంది. పగ్గం వేసిన దూడలా అటు గుంజుతోంది, ఇటు గుంజుతోంది. పళ్ళు బిగించి ఆపింది. పట్టుదల విషయంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. చివరి మాటదాకా చూపు ఆ ముక్కు మీదే ఉంచింది.

"అయింది సార్. ఒక్కటీ పోలేదు."

"ఏమేం కనబడ్డాయి?"

"మీ ముక్కు, మీ మీసం, మీ వెనక ఆ పసుపు విమానం. ఇంకేముంది ఇక్కడ? అన్నీ కనబడ్డాయి."

"చెయ్యి తియ్యి. చూపు మాత్రం కదపకు."

తీసింది.

ముఖానికి మూరెడు దూరంలో, కుడిపక్కన కాస్త కిందికి, సారు వేళ్ళ మధ్య ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

విమానం నిలిపి ఉంచినప్పుడు, వేగం కొలిచే గొట్టంలోకి పురుగూ దుమ్మూ పోకుండా తొడుగు వేస్తారు. ఆ తొడుక్కి కట్టే రిబ్బను అది. ఎగిరేముందు తొడుగు తీయకపోతే గాల్లో వేగం తెలీదు. అందుకే ఎవరి కంటా తప్పిపోకుండా దాన్ని అంత ఎర్రగా, అంత పొడుగ్గా చేస్తారు. ఇక్కడ చేరిన పిల్లలకి మొదటిరోజు చూపించేది దాన్నే.

"ఇదెప్పుడు పెట్టారు?"

"నువ్వు చక్రాల దగ్గరున్నప్పుడు."

నమ్మలేదు. మళ్ళీ కుడి కన్ను మూసుకుని ముక్కు చూసింది. రిబ్బను లేదు. దాని చోట నల్లమచ్చ లేదు, చిల్లు లేదు. హ్యాంగరు గచ్చు ఉంది, అతుకైనా తెలియకుండా, అసలక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. చెయ్యి తీసింది, రిబ్బను వచ్చింది. మూసింది, పోయింది. మూసిన చెయ్యి అలాగే ఉంచి ఎడమ కన్ను అటు తిప్పింది, వచ్చింది. ముక్కు మీదికి తెచ్చింది, పోయింది.

ఎన్నిసార్లు చేసిందో. సారు చెయ్యి దించలేదు.

చివరికి ఆవిడే ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది.

"పోయిన చూపు లేజరుతో తిరిగి రాదు సార్," అంది. ఆ గొంతులో ఇందాకటి వెటకారం లేదు. "డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఉన్నది నిలబెట్టుకోవడానికేనంది. కొన్నాళ్ళకి మళ్ళీ చెయ్యాల్సి రావచ్చట. తర్వాత రెండు కళ్ళ చూపూ కలిపి కొలిచి, బోర్డు వాళ్ళు తేలుస్తారట. ఎగరనిస్తారని మాటివ్వలేనంది."

"మరి నన్నేం చెప్పమంటావు వాళ్ళకి?"

ఇంద్రాణి ఆ రిబ్బను అందుకుని వేలికి చుట్టింది. బయట ఎవరో కుర్రపైలటు ఇంజన్ వేశాడు. ఆ చప్పుడు మెల్లగా దూరమైంది.

"మ్యాపుతో కొట్టింది నేనే," అన్నాడు సారు. "కళ్ళు తిప్పమన్నది వెతకడానికమ్మా. దాక్కోడానికి కాదు."

ఆవిడ లేచి, ఆయన పాదాలకేసి వంగబోయింది. ఆయన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆవిడ హ్యాంగరు గుమ్మంలోకి నడిచి ఫోను తీసింది.

"హలో, ఆస్పత్రేనా? లేజరుకి రోజు కావాలి. గ్లకోమా, ఎడమ కన్ను. అవునమ్మా, మీ డాక్టరమ్మే చెప్పింది, నేనే వద్దన్నాను. ఇప్పుడు కావాలంటున్నాను. దానికి ముందు చూపు పరీక్ష కూడా మళ్ళీ పెట్టు. ఈసారి చుక్కనే చూస్తాను."

అవతలి అమ్మాయి వయసడిగింది, చెప్పింది. ఉద్యోగం అడిగింది.

"పైలట్."

"అంటే మేడం, ప్రస్తుతం?"

"ప్రస్తుతం నేలమీదున్నాను. నువ్వు పైలట్ అని రాయి."

అమ్మాయి రాసుకుని, రాసుకున్నది పైకి చదివింది. ఇంద్రాణి, పైలట్, ఎడమ కన్ను, లేజరు. మార్చి ఇరవై ఒకటి, గురువారం, ఉదయం తొమ్మిదింపావు.