రంగనాయకి బట్టల కొట్టు

అడవిలో ఏటి ఒడ్డున వారం వారం సంత జరిగేది. తలపాగాలూ కండువాలూ దుప్పట్లూ అక్కడ దొరికేవి. నేసేది గిజిగాడు, అమ్మేది నక్క పేరయ్య, అమ్ముడుపోయేట్టు చేసేది మాత్రం రంగనాయకి అనే ఊసరవెల్లి. పేరయ్య ఏ గుడ్డ ఆమె మీద వేస్తే ఒళ్లంతా ఆ రంగుకి తిరిగిపోయేది. పసుపు కండువా వేస్తే పసుపు ముద్ద, పచ్చ దుప్పటి కప్పితే చిగురు కొమ్మ. సంత నడుమనున్న రాతి మీద అటూ ఇటూ ఓ నడక నడిచి, మెడ తిప్పి ఓ చూపు చూసిందంటే దుకాణం ఖాళీ.

చూసినవాళ్లు అదంతా గుడ్డ గొప్పేననుకుని కొనుక్కుపోయేవారు. అసలు సంగతి ఇంటికెళ్లి కప్పుకున్నాక తెలిసేది. నల్లగేదె ఆ పచ్చ దుప్పటి కప్పుకుంటే నాచు పట్టిన బండలా ఉందని సొంత దూడలే నవ్వాయి. ఆ రంగు గేదెకి నప్పదని రంగనాయకికి ముందే తెలుసు. చెప్పబోతే పేరయ్య పళ్లు కొరికాడు.

"నిన్ను పెట్టింది చూపించడానికి, చెప్పడానికి కాదు. బొమ్మకి నోరెందుకు?" అన్నాడు.

ఆమె నోరు మూసుకుంది. పేరొచ్చింది, పిలుపులొచ్చాయి. దుప్పి ఇంట పెళ్లయినా కుందేలింట పేరంటమైనా ఆమె కట్టిందే సింగారం. కానీ వయసు ఎవరి మాటా వినదు కదా. రానురాను ఒంటికి రంగెక్కడం ఆలస్యం కాసాగింది. ఎరుపు ఎలాగో వచ్చేది గానీ, పసుపు కోసం ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. పేరయ్య కళ్లు అది కనిపెట్టకుండా ఉంటాయా? ఓ కుర్ర తొండని తెచ్చి నడక నేర్పించడం మొదలుపెట్టాడు.

రంగనాయకికి దుఃఖం ముంచుకొచ్చింది. తుమ్మకొమ్మ మీద కూర్చుని కరువు తీరా ఏడ్చింది. ఏడ్చాక బుర్ర తేలికపడింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అనుకుంది. ఇన్నేళ్లు రంగుల్ని ఒంటి మీద మోసిన తనకి కాక, ఏది ఎవరికి నప్పుతుందో, ఏది ఎండకి వెలుస్తుందో ఇంకెవరికి తెలుస్తుంది? సొంతంగా బట్టల కొట్టు పెడతానంటే గిజిగాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇకమీద పేరయ్యకి కాదు, నీకే నేస్తానన్నాడు. ఇద్దరూ కలిసి సంత చివర పందిరి వేశారు.

పందిరి లేచింది గానీ దాని కిందకి ఒక్క ప్రాణి రాలేదు. పొద్దున ఎరుపనీ మాపటికి పచ్చనీ అనే ఊసరవెల్లి మాట పట్టుకుని బట్ట కొంటారా అని కుందేలు మొహం మీదే అనేసి పోయింది. ముసలి ఎద్దు బసవయ్య ఒక్కడే ఆగాడు. ఆయనా కొనలేదు.

"నువ్వు చెడ్డదానివని కాదమ్మా. నీ అసలు రంగేదో మాలో ఎవ్వరం చూళ్లేదు. చూడనిదాన్ని ఎట్టా నమ్మేది?" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట ఆమెకి ములుకులా గుచ్చుకుంది, నిజం కాబట్టి. ఆమె సొంత రంగు బూడిద, దాని నిండా మచ్చలు. దాన్ని చూపించుకోవడానికి సిగ్గుపడి, గూడు దాటకముందే ఏదో ఒక వన్నె తెచ్చుకునేది. ఇలాగే ఉంటే నాలుగు సంతల్లో కొట్టు మూతపడడం ఖాయమని ఆమెకి తెలుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడు దిగాడు పేరయ్య. గిజిగాడు విడిచి వెళ్లాక అతని దగ్గర వెలిసిన పాత గుడ్డలే మిగిలాయి. దొండపండ్లు పిసికి, ఆ రసంలో వాటిని ముంచి తీసి, ఉతికినా పోని ఎరుపని చాటింపు వేయించాడు. పైన పటారం, లోన లొటారం. వానలకి ముందు అందరూ వెతికేది అలాంటి బట్టే మరి.

"సంత నడిబొడ్డున నీకు ఎర్ర కండువా వేసి కడవెడు నీళ్లు పోస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "నీ ఒళ్లు ఎర్రగా ఉంటే రంగు కారినా కనపడదు. కాళ్ల కింద ఎర్రమన్ను పోయిస్తాను. ఆ తొండగాడికి తల తప్ప ఒళ్లు ఎరుపెక్కదు, లేకపోతే నీ గడప తొక్కేవాణ్ణా? ఒప్పుకుంటే నీ కొట్టుకి జనాన్ని నేనే తోలుతాను. కాదన్నావో, నీ పందిట్లో ఈగ కూడా వాలదు."

"కండువా వేసుకుని కదలకుండా నిలబడతాను, బాబాయ్. అంతవరకే నా పూచీ," అంది రంగనాయకి.

పేరయ్య తోక ఊపుకుంటూ వెళ్లాడు. ఎర్ర గుడ్డ మీద పడితే ఊసరవెల్లి ఎర్రబడక చస్తుందా అని అతని ధీమా.

సంత రోజు రాతి చుట్టూ అడవంతా మూగింది. కండువా భుజాన పడగానే అలవాటుకొద్దీ ఎరుపు ఆమె గొంతుదాకా పొంగింది. భయమేసింది. ఒక్కసారి ఆ మచ్చలు చూశాక మళ్లీ ఎవరు మెచ్చుకుంటారు? అయినా పంటి బిగువున దాన్ని వెనక్కి నెట్టింది. ఎరుపు దిగింది. దాని కిందున్న పాత వన్నెలూ దిగాయి. బూడిద ఒంటితో, ఒళ్లంతా మచ్చలతో, నలుగురి ముందూ నిలబడింది.

జనంలో గుసగుస లేచింది. పేరయ్య వాళ్లవైపు తిరిగి తన గుడ్డని పొగుడుకుంటున్నాడు, ఆ గుసగుస మెచ్చుకోలే అనుకున్నాడు. వెనక్కి చూడకుండానే కడవ ఎత్తి కుమ్మరించాడు. ఎర్రటి చారలు బూడిద ఒంటి మీదుగా ధారలు కట్టాయి. కండువా వెలిసి పీలికలా వేలాడింది.

పేరయ్య తిరిగి చూసి గుడ్లు తేలేశాడు. "చూశారా దీని బుద్ధి! నన్ను ముంచాలని రంగు మార్చింది," అని అరిచాడు.

బసవయ్య నెమరు ఆపాడు. "ఆమె మార్చలేదు పేరయ్యా. మార్చింది నీ గుడ్డ," అన్నాడు.

సంతంతా గొల్లున నవ్వింది. పేరయ్య తడి కండువా నోట కరుచుకుని పొదల్లోకి పరుగు తీశాడు. రంగనాయకి మాత్రం చారలు కడుక్కుని, అదే బూడిద ఒంటితో తన పందిరికి నడిచింది. వెనకే నల్లగేదె వచ్చి, నాకేది నప్పుతుందో నిజం చెప్పు తల్లీ అంది. ఆవపువ్వు పసుపు అంది రంగనాయకి, పచ్చ జోలికి మాత్రం పోవద్దని కూడా చెప్పింది. గేదె వెనక బసవయ్య, బసవయ్య వెనక కుందేలు. పొద్దుగూకేసరికి గిజిగాడు కొత్త మగ్గం వేసే చోటు వెతుక్కున్నాడు.

గుడ్డకి పట్టని దొండపండు ఎరుపు పేరయ్య మీసాలకి మాత్రం గట్టిగా పట్టింది, వానలు వెళ్లినా వదల్లేదు.

నీతి: అందం గిరాకీ తెస్తుంది, నమ్మకం కొట్టు నిలబెడుతుంది.