బాలశౌరి షిరాజ్ తోట

రెండు ముక్కల్లో అయిపోయే కథ ఇది. అయితే గుండ్లవంకలో ఏ సంగతీ రెండు ముక్కల్లో అవదు. అది మిరప పండించే ఊరు. అక్కడ పెళ్లిభోజనంలో కూర కంట నీరు పెట్టించకపోతే, ఆడపెళ్లివారికి ఇష్టంలేని సంబంధమేమోనని అనుమానిస్తారు. చర్చికి కేరళ నుంచి కొత్తగా వచ్చిన ఫాదరు మొదటి మూడు నెలలూ మజ్జిగ మీదే బతికాడు. ఇప్పుడాయనే పచ్చట్లో కారం చాల్లేదని వంటమనిషిని కసురుతున్నాడు.

అలాంటి ఊళ్లో బాలశౌరి రెండెకరాల్లో షిరాజ్ ద్రాక్ష నాటాడు. వైన్ చేసే ఆ నల్లద్రాక్ష మొక్కల్ని నాసిక్ నుంచి తెచ్చాడు. వైన్ చేయడం నేర్పింది పక్కూరి జోజిరెడ్డి మాష్టారు. ఆయన ముప్పై ఏళ్లుగా చర్చిలో పూజకు ద్రాక్షరసం చేస్తున్నారు. ఏది అడిగినా ముందు అన్నం పెట్టడం ఆయన అలవాటు. బళ్లో లెక్కలు చెప్పిన రోజుల్లోనూ అంతేనట. పిల్లలకు ఒళ్లొచ్చింది గాని లెక్కలు రాలేదు.

నాలుగో ఏట మొదటి పీపా తెరిచి బాలశౌరి ఊరందర్నీ పిలిచాడు. తనవాళ్లు తన చేతి వైన్ తాగి బాగుందంటే చాలు, అతనికి వేరే కోరిక లేదు. మాంసంకూర బామ్మర్ది ప్రకాశరెడ్డి వండాడు గనక నిప్పులా ఎర్రగా ఉంది. దాని మీద వైన్ తాగినవాళ్లు చేదన్నారు, నాలుక మండిందన్నారు. ప్రకాశరెడ్డి పక్కకెళ్లి ఉమ్మేసొచ్చి, రంగు మాత్రం బాగుంది బావా అన్నాడు. బాలశౌరి తానూ తాగి చూశాడు. అతనికీ చేదుగానే ఉంది. అదే అతన్ని కుంగదీసింది.

మర్నాడు ఒక సీసా పట్టుకుని మాష్టారి దగ్గరికి వెళ్లాడు. "తప్పు ద్రాక్షదా, నాదా? మీరు బాగోలేదంటే తోట పీకించేస్తానండీ," అన్నాడు.

మాష్టారు సీసా మూత తీయలేదు. ఎనిమిది రోజులు తన ఇంట్లోనే ఉండి తినమన్నారు. ఆ ఇంట్లో మిరపకాయ వాడరు. మొదటి రెండు రోజులూ బాలశౌరికి గడ్డి నమిలినట్టుంది. ఐదో రోజున, ఆవు ఏం మేసిందో మజ్జిగలో తెలిసిపోతున్నట్టనిపించి భయపడ్డాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఉప్పూ మిరియాలూ మాత్రం పట్టించి కాల్చిన మేకమాంసం వడ్డించి, మాష్టారు అదే సీసాలోంచి గ్లాసులో పోశారు.

ముందు బాగా పండిన నేరేడు తగిలింది. దాని వెనక మిరియం. మింగాక, కట్టెపొయ్యి ఆర్పినప్పుడు వచ్చే పొగ. కొవ్వుముక్క కొరికి మళ్లీ తాగితే వగరంతా మెత్తబడిపోయింది.

"ఇది నేను చేసిందేనా అండీ?" అన్నాడు. మాష్టారు తలూపారు.

ఇంటికొచ్చి, ఎనిమిది రోజులు కారం మానేద్దామని భార్య లూర్దమ్మతో చెప్పాడు. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు తలుపు వెనక పండుమిరప పచ్చడి తింటూ దొరికిపోయి ఏడ్చింది. ఊరివాళ్లు నవ్వారు. ప్రకాశరెడ్డి ఉపవాసకాలం ఏడాదికొకటి చాలన్నాడు. కొన్నాళ్లు బాలశౌరి ఒక్కడే వేరే వండుకుని, ఇంట్లో తాలింపు వేసినప్పుడల్లా గ్లాసు పట్టుకుని దొడ్లోకి వెళ్లేవాడు. ఒకరోజు ఆకలికి ఆగలేక భార్య కలిపిన ముద్ద తిన్నాడు. ఆ పూట వైన్ మళ్లీ చేదెక్కింది. నేరేడు ఎంత వెతికినా దొరకలేదు.

పట్నం హోటళ్లకు అమ్మమని మాష్టారు కబురు పెట్టారు. తాగేవాళ్ల మొహాలు తనకు కనబడవు కదా అని బాలశౌరి తిరిగి కబురంపాడు.

ఆ వారమే జేసీబీ పిలిపించి రెండెకరాలూ పీకించేశాడు. మాష్టారే వైన్ బాగోలేదని ఉంటారని ఊరంతా అనుకుంది. ప్రకాశరెడ్డి ఆగలేక ఆయన ఇంటికే పోయి, మా బావ వైన్ అంత చెడ్డగా ఉందా అని నిలదీశాడు.

మాష్టారు ముందు అతనికి అన్నం పెట్టారు.

"చెడ్డగా ఉంటే ఇంకో ఏడాది చూసేవాడయ్యా," అన్నారు.