ఓబుళక్క గట్టు

అనగా అనగా, ఎండాకాలంలో కూడా వంకలు పారిన రోజుల మాట. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది.

వంకకు ఎగువన గొల్లపల్లె, దిగువన రేగడిపల్లె. గొల్లపల్లెలో ఇంటింటా బర్రెలే. అన్నిటికన్నా పెద్ద మంద వీరప్పది. ఆ కొట్టంలో పేడ ఎత్తే మనిషి ఓబుళక్క. మొగుడు లేడు. ఒక్కగానొక్క కూతురు లచ్చుమిని రేగడిపల్లెకు ఇచ్చింది.

తెల్లారితే పేడంతా ఊడ్చి వంకలోకి తోయడమే ఆమె పని. ఊరంతా అదే చేసేది. మందలు పెరిగాయి. పేడ పెరిగింది. నీళ్లు పచ్చబారాయి.

ఒకరోజు కూతురింటికి పోయేసరికి, మనవరాలు వాంతులూ బేదులతో వాడిన తోటకూర కాడలా పడి ఉంది. పక్కింటి పిల్లా అంతే. ఎదురింటి పిల్లా అంతే.

"ఏం తాగించినావే?"

"వంక నీళ్లేనమ్మా. మాకింకేముండాయి?"

ఓబుళక్క తన చేతుల వైపు చూసుకుంది.

తిరిగొచ్చి వీరప్పతో చెప్పింది. "అన్నా, పేడ వంకలో వేయొద్దు. కింద తాగేవాళ్లుండారు."

"పారే నీళ్లకు మైలేంది, పోవే" అన్నాడు.

రెండోనాడు చెప్పింది. నవ్వాడు. మూడోనాడు చెప్పింది. "ఇష్టం లేకుంటే మానుకో" అన్నాడు. చీపురు గోడకానించి వచ్చేసింది. ఒడ్డుకు దూరంగా, ఒంటరిగా, పేడకు గుంత తవ్వడం మొదలుపెట్టింది.

ఈలోగా రేగడిపల్లె మగవాళ్లు ఓర్చుకోలేక, కొట్టాలు పీకేస్తామని కర్రలతో వచ్చారు. గొల్లలూ కర్రలు అందుకున్నారు. ఓబుళక్క గుంతలోంచి లేచి, మన్ను చీరతోనే మధ్యలో నిలబడింది.

"కొట్టుకోండి. మీ నెత్తురూ వంకలోకే పోతుంది. అదీ నా మనవరాలే తాగాల."

ఎత్తిన కర్రలు దిగాయి.

"రేగడోళ్లారా, మీ చేలకు ఎరువు కావాల్నా?"

"కావాల."

"వీరప్పన్నా, నీకు పేడ కావాల్నా?"

"నాకెందుకు?"

"మరి కర్రలెందుకు? గడ్డపారలు తెండి!"

తెచ్చారు. రెండూళ్లూ కలిసి గుంతలు తవ్వాయి. వంక పొడవునా గట్టు పోశాయి. కొట్టాలు వెనక్కి జరిపాయి. ఎరువు బండ్లు దిగువకు కదిలాయి. గట్టు దాటి పేడ పడితే, ఆ ఇంటివాళ్లే ఊరందరి పేడా ఎత్తాలని కట్టుబాటు పెట్టుకున్నారు. మొదట తప్పింది వీరప్పే. మూతి ముడుచుకుని తట్ట నెత్తికెత్తాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

వానలు పడి, పోయి, వంక తేటబడింది. కోలుకున్న మనవరాలు నీళ్లలోకి దిగి, దోసెడు తాగి, దోసెడు అవ్వ మీద చల్లింది.

ఓబుళక్క పండు ముసలిదై కన్నుమూసింది. ఆమెకు గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ ఇప్పటికీ తొలకరికి ముందు రెండూళ్లవాళ్లూ ఇంటికో తట్ట మన్ను తెచ్చి ఆ గట్టు మీద పోస్తారు. కొత్తకోడలుంటే ఆమెదే మొదటి తట్ట. పోశాక ఎగువవాళ్లు చల్ల ఇస్తారు, దిగువవాళ్లు జొన్నరొట్టె పెడతారు. అందరూ గట్టు మీదే కూర్చుని, వంక నీళ్లు తాగి లేస్తారు.