కొమ్ముల కోసం ఆగిన ఊరు

"వచ్చిందర్రోయ్! దుప్పి నా చేలో పడిందర్రోయ్!"

వీధి ఆ చివర నుంచి కేక వినబడగానే ఊరంతా లేచింది. కేక వేసింది జొన్నచేను ఆవిడ. మొగుడు పోయాక ఆవిడకీ ఇద్దరు పిల్లలకీ మిగిలింది కొండ కింద ఆ ఒక్క చేనే. ఏడాది పొడుగునా ముగ్గురికీ సంకటైనా రొట్టైనా అందులోంచే రావాలి. కంకి పాలు పోసుకుంటున్న రోజులు. గింజ గట్టిపడేదాకా దుప్పి ఆగుతుందా?

జనం మాత్రం పండగ మొహాలతో పరుగెత్తారు. ఆడవాళ్ళు తట్టలు పట్టుకున్నారు. మగవాళ్ళు కత్తులు నూరుకుంటూనే నడిచారు. మాంసం పంచేటప్పుడు వెనకబడితే ఎముకలే మిగులుతాయని అందరికీ తెలుసు. చేను ఎంత పోయిందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

విల్లుకాడు బాణం ఎక్కుపెట్టి నిలబడ్డాడు. కాని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పెద్దయ్య "కొట్టు" అననిదే బాణం వదలకూడదు. చంపిన దుప్పి మాంసం ఊరిది, కొమ్ములు పెద్దయ్య గుమ్మానివి. ఆ గుమ్మం మీద అప్పటికే పెద్దయ్య తండ్రి తగిలించిన కొమ్ములున్నాయి. వాటికంటే పొడుగైనవి పక్కన తగిలిస్తే తప్ప పెద్దయ్యకు అన్నం సయించదు. అందుకని తండ్రి కొమ్ములంత కర్ర ఒకటి కోయించుకుని, ఎక్కడికెళ్ళినా చంకలో పెట్టుకు తిరిగేవాడు.

పెద్దయ్య తీరిగ్గా వచ్చాడు. ఒక కన్ను మూసి, కర్ర పైకెత్తి, దూరం నుంచే దుప్పిని కొలిచాడు. బలిసిన పోతు. నిగనిగలాడుతోంది. కంకి తరవాత కంకి నములుతూ, ఈ గొడవంతా ఎవరి గురించో అన్నట్టు చూసింది.

"జానెడు తక్కువుంది. పై ఏటికి చూద్దాం," అన్నాడు.

"కొమ్ములు మేం తింటామా పెద్దయ్యా?" అంది ఆవిడ. "పై ఏడు దాకా నా పిల్లలకు ఏం పెట్టమంటావు?"

"ఓర్చుకోవాలమ్మా. రేపు పొరుగూరి వాళ్ళు చూసి నోరెళ్ళబెట్టాలంటే ఊరు ఆ మాత్రం ఓర్చుకోవద్దూ?"

ఊరు ఓర్చుకుంటానని తల ఊపింది. తల ఊపినవాళ్ళ చేలన్నీ ఏటికి అవతల ఉన్నాయి లెండి.

ఆ ఏడు ఆవిడ పిల్లలు అడవి దుంపలు తిని గడిపారు. దుప్పి కొమ్ములు రాలి మళ్ళీ మొలిచాయి. రాలిన కొమ్ములు తగిలించుకోవడమంటే ఎంగిలాకులో తినడమేనని పెద్దయ్య పట్టింపు. మళ్ళీ కంకి పాలు పోసుకుంది, మళ్ళీ కేక, మళ్ళీ కర్ర. ఈసారి నాలుగు వేళ్ళే తక్కువ.

"ఇంత దగ్గరికొచ్చాక తొందరపడతామా?" అన్నాడు పెద్దయ్య.

"అబ్బే, తొందరపడం," అంది ఊరు.

ఆ పై ఏటికి కొమ్ములు కర్రతో సమానమయ్యాయి. ఇక కొట్టమంటాడనుకుంది ఆవిడ. "నాన్నతో సమానమైతే ఇక నేనేం చేసినట్టు?" అన్నాడు పెద్దయ్య.

అంతటితో ఆగారా? దుప్పి బెదిరి పారిపోతుందని ఆవిడను చేలో కేకలు వేయొద్దన్నారు. వడిసెలతో రాళ్ళు విసరొద్దన్నారు. దాని వెంట వచ్చిన ఆడ దుప్పులకు కూడా అంత మర్యాదా దక్కింది. అవి ఏరు దాటి ఊరి చేలు కూడా మేశాయి. జనం కడుపులు లోపలికి పోయాయి గాని గొప్పలు తగ్గలేదు. పొరుగూరి చుట్టాలను ఖాళీ కుండల ఇంటికి పిలిచి మరీ, "మీ ఊళ్ళో ఉందా ఇలాంటిది?" అని అడిగేవాళ్ళు.

విల్లుకాడు అరుగు మీద కూర్చుని విల్లు తుడుచుకునేవాడు.

"అన్నా, ఆ వింటినారి మీద నీ పంచె ఆరేసుకో. దేనికో ఒకదానికి పనికొస్తుంది," అంది ఆవిడ.

"నేనేం చెయ్యను చెల్లీ. ఆయన కొట్టు అనాలి గదా."

"నీ చెయ్యి ఆయన దగ్గరుందా?"

విల్లుకాడు చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తనదేనని నమ్మకం కుదరలేదు.

తరవాతి ఏడు కొమ్ములు మొలిచాయి గాని వంకరగా, పొట్టిగా మొలిచాయి. దుప్పికి వయసు మళ్ళింది. ముసలిదైతే కొమ్ము కురచబడుతుందని ఆ ఊళ్ళో పాకే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పెద్దయ్య చాలాసేపు కొలిచాడు. ఇంటికెళ్ళి, కర్రను మూరెడు కోసి, తిరిగొచ్చి మళ్ళీ కొలిచాడు.

"చూశారా, పెరిగింది!" అన్నాడు.

ఊరు ఈలలు వేసింది.

"ఇంకొక్క ఏడు," అన్నాడు పెద్దయ్య.

ఆవిడ పలుగూ పారా తీసుకెళ్ళి, పట్టపగలే చేలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. దుప్పి రోజూ కంచె దూకి కాళ్ళు మోపే చోటే తవ్వింది.

"ఏం తవ్వుతున్నావే?" అని అడిగారు దారిన పోయేవాళ్ళు.

"జొన్నలు పోసుకోడానికి పాతర."

"గింజ లేదు గాని పాతరట!" అని విరగబడి నవ్వారు. నవ్వి నవ్వి, పాపం పిచ్చిది అనుకుని, ఇద్దరు దిగి మట్టి కూడా ఎత్తిపోశారు.

గొయ్యి పూర్తయ్యాక పైన కంప పరిచి ఆకులు కప్పింది. మర్నాడు పొద్దున్నే దుప్పి ఎప్పటిలాగే కంచె దూకింది. ఆవిడ కేక వేయలేదు. కత్తి పట్టుకుని గోతిలోకి దిగింది.

మధ్యాహ్నానికి కూర వాసన వీధి వీధంతా పాకింది. పెద్దయ్య ఊరిని వెంటేసుకుని బయల్దేరాడు. వెలి వేయాలా, తప్పు కట్టించాలా అని దారి పొడుగునా గట్టిగా వాదించుకున్నారు. చేను దగ్గరపడేకొద్దీ గొంతులు తగ్గాయి. నోట్లో నీళ్ళూరుతుంటే వాదన ఎవడికి సాగుతుంది?

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాడు పెద్దయ్య, కుండ వంక చూస్తూ.

"నా పిల్లలు. కూర చల్లారిపోతోంది, కూర్చోండి."

మొదట విల్లుకాడు కూర్చున్నాడు. అతన్ని లేవదీయడానికి వంగినవాళ్ళు వంగినట్టే కూర్చున్నారు. అందరి తరవాతా కూర్చున్న పెద్దయ్య అందరికంటే ముందు ఆకు సరిచేసుకున్నాడు. ఆవిడ పిల్లలకు ముందు పెట్టి, తరవాత వరసగా వడ్డించింది.

దుప్పి ముదిరిపోయింది. అంతసేపు ఉడికినా ముక్క తోలులా సాగుతోంది. దవడలు పట్టేశాయి. పెద్దయ్య ఒక ముక్కను ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చి మార్చి, చివరికి ఊరి వంక తిరిగాడు.

"దీన్ని ఎప్పుడో కొట్టాల్సింది," అన్నాడు. "నేను అప్పుడే అనుకున్నాను."

"మేమూ అనుకున్నాం," అంది ఊరు, నిండు నోళ్ళతో.

ఆవిడ కుండ కింద పెట్టింది.

"నమలండి," అంది. "మీరు ముదరబెట్టిందే."

అని తనకూ ఒక ఆకు వేసుకుని, పిల్లల పక్కన కూర్చుంది.