రాజుగారు మోగించిన పులిగంట

చీనాదేశంలో కొండల నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గాని రాజుగారి దర్పానికి హద్దు లేదు. విల్లు ఎక్కుపెట్టడం దగ్గర్నుంచి అన్నం వార్చడం దాకా తనకు రాని విద్యే లేదని ఆయన నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికి?

ఒకనాడు ఆ రాజధానికి లియాంగ్ అనే వైద్యుడు వచ్చాడు. ఊరూరూ తిరిగి మందులిచ్చేవాడు. వీపున మందుల పెట్టె, చేతిలో పులిగంట. పులిగంట అంటే కడియంలా గుండ్రంగా ఉండే బోలు ఇనుప గంట. లోపల గుండ్లుంటాయి, ఊపితే గలగలలాడుతుంది. పూర్వం ఒక మహావైద్యుడు పులి గొంతులో ఇరుక్కున్న ఎముక తీస్తూ, దాని నోరు మూతపడకుండా ఇలాంటి కడియమే అడ్డం పెట్టాడట! ఆ గురువు పటం ప్రతి మందుల దుకాణంలోనూ ఉంటుంది. అందుకని దుకాణం ముందు ఎవరూ గంట మోగించకూడదు. మోగిస్తే గంటా పెట్టెతో సహా ఒంటిమీదవన్నీ దుకాణదారుడి పాలు.

లియాంగ్‌కు ఇదంతా తెలుసు. తెలియనిదల్లా, ఆస్థాన వైద్యుడు గావ్ కోటగుమ్మం పక్కన కొత్తగా దుకాణం తెరిచాడని. పేరు పలక ఇంకా కట్టనేలేదు. పాపం, గంట మోగనే మోగింది. గావ్ బయటికి దూకి అతని చెయ్యి పట్టుకున్నాడు.

తగవు రాజుగారి దాకా పోయింది. ఆయన దుకాణానికి ఎదురుగా ఉన్న అరుగు మీద కొలువు తీరాడు.

"మహాప్రభూ, ఆచారం తప్పాడు. గంట మోగించినవాడి ఒంటిమీదవీ చేతిలోవీ నాకు చెందాలి," అన్నాడు గావ్.

"పేరు పలక లేదు ప్రభూ. ఇవి పోతే నా బతుకు వీధిన పడుతుంది. పై ఊరివాళ్ళు జ్వరాలతో నా కోసం ఎదురుచూస్తున్నారు."

"ఆచారం ఆచారమే. ఇచ్చెయ్!" అన్నాడు రాజుగారు.

లియాంగ్ పెట్టె దించి గంటను గట్టిగా పట్టుకున్నాడు. ఆ పెట్టె తండ్రిది, గంట తాతది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల ఎత్తి చూస్తే రాజుగారి చూపు గంట మీదే ఉంది. అప్పుడు తట్టింది ఉపాయం.

"చిత్తం ప్రభూ. ఒక్కటే దిగులు. దీన్ని ఛాతీ దగ్గర ఊపేవాడు మామూలు వైద్యుడు, భుజం దగ్గర ఊపేవాడు గట్టివాడు. తలపైకెత్తి మోగించాలంటే మహాప్రజ్ఞ ఉండాలి. నాకే చేతకాలేదు. అంతటి చెయ్యి ఈ రాజ్యంలో ఎవరికీ లేదేమో!"

"ఎవరికీ లేదా? ఇలా తే!"

రాజుగారు గంట లాక్కుని, దాన్ని కిరీటం మీదికెత్తి గలగలా మోగించాడు. సభ భళాభళా అంది.

లియాంగ్ గావ్ వైపు తిరిగి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఇంకా చూస్తారేం గావ్‌గారూ? కిరీటం, కత్తి, పట్టు అంగీ... అందుకోండి."

గావ్ రెండడుగులు వెనక్కి వేశాడు. రాజుగారు గంట వంకా, దుకాణం వంకా చూసి బిగుసుకుపోయాడు. ఇక తన తల ఎగిరిపోతుందనుకున్నాడు లియాంగ్. గబగబా మోకరిల్లాడు.

"దీనికి విరుగుడూ ఆచారంలోనే ఉంది ప్రభూ! గురువు పటం ముందు అగరొత్తి వెలిగించి, తప్పయిందని దండం పెడితే దుకాణదారుడు అన్నీ తిరిగి ఇవ్వాలి. గావ్‌గారు తొందరలో ఆ మాట మరిచినట్టున్నారు. నేను చెబితే సాకు అనుకుంటారని ఇందాక ఊరుకున్నాను."

"నిజమేనటయ్యా?"

గావ్ ముచ్చెమటలు తుడుచుకుంటూ తలూపాడు.

రాజుగారు పకపకా నవ్వాడు. ఆయనా లియాంగూ పక్కపక్కన నిలబడి అగరొత్తులు వెలిగించారు. పుట్టి బుద్ధెరిగాక రాజుగారు ఎవరికీ తల వంచింది లేదు. వంచేసరికి కిరీటం జారింది. గావ్ పట్టుకుని ఆయనకే అందించాడు.

రాజుగారు లియాంగ్‌కు గంటా పెట్టే ఇప్పించి, పెట్టె మోయడానికి ఒక కంచరగాడిదను బహూకరించాడు.

"ఇకమీదట ఎక్కడైనా మోగించుకో. ఈ దుకాణం ముందు కూడా!"

"వద్దు ప్రభూ. గురువుగారి గుమ్మం ముందు చెయ్యి ఆపుకోవడమే మాకు మర్యాద. ఇకనుంచి తమరూ ఆపుకోవాలి మరి!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే గాడిద వీపున జీను కట్టించమని ఆజ్ఞ వేశాడు, పై ఊరి జ్వరాలవాళ్ళు ఎదురుచూస్తున్నారని.